ఊపిరితిత్తుల చుట్టూ తెల్లటి నీరు: డ్రెయిన్ పెట్టి తీసెయ్యడంతో అయిపోదు

ఊపిరితిత్తులకి నీరు పట్టిందంటే మనవైపు అందరూ అనుకునేది ఒకటే, వీపులో సూది గుచ్చి లాగేస్తారు, ఆయాసం తగ్గుతుంది, ఆ తర్వాత మందులు వాడుకుంటే సరిపోతుంది అని. మామూలు నీరైతే చాలావరకు అంతే కూడా. కానీ వచ్చేది తెల్లగా, పల్చటి పాలలా ఉందంటే మాత్రం మొత్తం లెక్క మారిపోతుంది. అందులో మనం తిన్న కొవ్వు ఉంటుంది, ప్రోటీన్ ఉంటుంది, రోగాలతో పోరాడే తెల్లకణాలు ఉంటాయి. డాక్టర్లు దాన్ని కైల్ అంటారు, అంటే పేగుల నుంచి కొవ్వు మోసుకొచ్చే లింఫ్ (రక్తనాళాలు కాకుండా వేరే నాళాల్లో పారే ద్రవం). అది ఛాతీలో చేరితే కైలోథొరాక్స్. మా మామయ్యగారికి అన్నవాహిక క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఇదే వచ్చింది, హైదరాబాద్ లో హాస్పిటల్లో ఆయన పక్కన ఎక్కువ రోజులు ఉన్నది నేనే, డాక్టర్లని అడిగీ అడిగీ తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, మందులు డోసులు మీ డాక్టర్ చెప్పినట్టే వాడాలి. కానీ ఏం జరుగుతోందో తెలిస్తే ఏం అడగాలో తెలుస్తుంది, అందుకే ఈ పోస్ట్.

ముందు ఒంట్లో దారి ఎలా ఉంటుందో చెప్తా, అది తెలిస్తే ట్రీట్మెంట్ ఎందుకు అలా చేస్తారో దానంతటదే అర్థమైపోతుంది. మనం తిన్నదాంట్లో అన్నం, పప్పు లాంటివి అరిగాక పేగుల్లోంచి నేరుగా రక్తంలోకి ఎక్కి లివర్ కి వెళ్ళిపోతాయి. నూనె, నెయ్యి, వెన్న మాత్రం ఆ దారిలో వెళ్ళవు. అవి పేగు గోడలో చిన్న చిన్న కొవ్వు బొట్లుగా మారి లింఫ్ నాళాల్లోకి వెళ్తాయి, అక్కడ కాళ్ళ నుంచి, కడుపు నుంచి వచ్చే లింఫ్ తో కలిసి నడుముకి కాస్త పైన ఒక చిన్న సంచిలాంటి చోటికి చేరతాయి, అక్కడ్నించి థొరాసిక్ డక్ట్ అనే ఒక్క నాళం వెన్నెముకని ఆనుకుని పైకి వెళ్ళి ఎడమవైపు మెడ కింద పెద్ద సిరలో కలుస్తుంది. దాని పొడవు 38 నుంచి 45 సెంటీమీటర్లు, వెడల్పు కొద్ది మిల్లీమీటర్లే. కానీ రోజుకి లీటరున్నర నుంచి నాలుగు లీటర్ల దాకా దాంట్లోంచే పోతుంది, నెయ్యి వేసుకుని గట్టిగా భోంచేస్తే ఆ ఫ్లో ఇంకా పెరుగుతుంది. 1622 లో ఇటలీలో గాస్పారె అసెల్లి అనే డాక్టర్ బాగా మేపిన కుక్కని కోసి చూసినప్పుడు పేగుల దగ్గర తెల్లగా కనిపించిన నాళాలు ఇవే, అప్పటిదాకా వాటిని సరిగ్గా ఎవరూ పట్టించుకోలేదు. తిన్నాక చూశాడు కాబట్టే కనిపించాయి, ఖాళీ కడుపు మీద అయితే అవి కంటికి ఆనవు.

ఆపరేషన్లలో ఇబ్బంది కూడా అక్కడే. ఆపరేషన్ కి ముందు పేషెంట్ ని ఖాళీ కడుపుతో ఉంచుతారు కదా, అప్పుడు ఆ నాళం పల్చటి గోడతో, రంగు లేకుండా, అన్నవాహిక వెనకాలే, పెద్ద రక్తనాళం పక్కనే ఉంటుంది, పైగా మనిషి మనిషికీ కొంచెం తేడాగా ఉంటుంది. అందుకే అన్నవాహిక ఆపరేషన్లలో వందలో ఒకరి నుంచి నలుగురి దాకా ఇది దెబ్బతింటుంది. కొంతమంది సర్జన్లు ఆపరేషన్ కి కొన్ని గంటల ముందు క్రీమో నూనో ఇచ్చి ఆ నాళం తెల్లగా కనిపించేలా చేసుకుంటారట. ఈ నాళం కింద సగంలో వెన్నుకి కుడివైపు ఉండి ఛాతీ మధ్యకి వచ్చాక ఎడమకి దాటుతుంది, కాబట్టి కింద చిల్లు పడితే కుడి ఊపిరితిత్తి చుట్టూ, పైన పడితే ఎడమ ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరుతుంది. మామయ్యకి కుడివైపు చేరింది.

ఆపరేషన్ అయ్యాక మొదట్లో డ్రెయిన్ లో, అంటే ఛాతీలోంచి నీరు బయటికి తీసే ట్యూబ్ లో, వచ్చింది ఎర్రటి నీరే, తర్వాత పసుపుగా మారింది, అంతా బాగానే ఉందనుకున్నాం. పేగులోకి వేసిన ఫీడింగ్ ట్యూబ్ ద్వారా పాలపొడి లాంటి ఫీడ్ మొదలుపెట్టారు. ఆ మర్నాడు పొద్దున డ్రెయిన్ ట్యూబ్ లో రంగు మారింది, ముందు మజ్జిగ తేటలా, మధ్యాహ్నానికి పూర్తిగా తెల్లగా. నర్స్ షిఫ్ట్ మారేటప్పుడల్లా బాటిల్ కి అంటించిన ప్లాస్టర్ మీద పెన్నుతో గీత గీసి టైమ్ వేసేది, ఆ గీతలు ఒకదాని మీద ఒకటి దూరం దూరంగా పైకి పోతూనే ఉన్నాయి, మొత్తం కలిపితే రోజుకి లీటరు దాటుతోంది. అత్తయ్య దాన్ని చూసి "చీము పట్టిందేమో, కుట్లు విడిపోయాయేమో" అని ఏడుపు మొదలుపెట్టింది. సర్జన్ గారు వచ్చి బాటిల్ ని ఒకసారి చూసి ఫీడ్ ఆపించి ఆ నీటిని ల్యాబ్ కి పంపమన్నారు. ఫీడ్ మొదలయ్యాక బయటపడటం ఈ లీక్ లక్షణమే అని తర్వాత చెప్పారు. తినకుండా ఉన్నప్పుడు కొవ్వు ఉండదు కాబట్టి అదే లీక్ పసుపుగానో ఎర్రగానో వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. కాబట్టి తెల్లగా లేదు కదా అని ఇది కాదనుకోవడానికి లేదు.

టెస్ట్ చాలా సింపుల్, ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. తీసిన నీటిలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు ఎంతుందో చూస్తారు, డెసిలీటరుకి 110 మిల్లీగ్రాములు దాటితే కైల్ అని దాదాపు ఖాయం. 50 కన్నా తక్కువుంటే చాలావరకు కాదు. రెండిటి మధ్యలో ఉంటే కైలోమైక్రాన్స్ అనే కొవ్వు బొట్లు ఉన్నాయా అని ఇంకో టెస్ట్ చేస్తారు. చీమైతే ల్యాబ్ లో మెషిన్ లో తిప్పినప్పుడు కణాలు అడుక్కి దిగిపోయి పైన తేటపడుతుంది, కైల్ అలా తేటపడదు. ఇంకోటి కూడా ఉంది, టీబీ వల్లో కీళ్ళవాతం వల్లో నీరు ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతే అందులో కొలెస్ట్రాల్ పేరుకుని అచ్చం ఇలాగే తెల్లగా కనిపిస్తుంది, అప్పుడు కొలెస్ట్రాల్ 200 దాటి ఉంటుంది, ట్రైగ్లిజరైడ్స్ సాధారణంగా తక్కువ ఉంటాయి. దానికి లింఫ్ నాళంతో సంబంధమే లేదు, వైద్యం వేరు. అందుకే ఈ రెండూ చూడాలి. మామూలుగా నీరు తీసినప్పుడు ప్రోటీన్, షుగర్, కణాలు, టీబీ ఉందేమో చూడ్డానికి ఏడీఏ అనే టెస్ట్ కి పంపుతారు, ట్రైగ్లిజరైడ్స్ అడిగితేనే చేసే ల్యాబులు చాలా ఉన్నాయి. నీరు తెల్లగా ఉందనిపించినా, ఛాతీ ఆపరేషన్ తర్వాత డ్రెయిన్ ఎంతకీ తగ్గకపోయినా, "సార్, ట్రైగ్లిజరైడ్స్ కూడా పంపుతారా" అని అడగండి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఏంటంటే, కైల్ ని ఊరికే తీస్తూ పోతే మనిషి లోపల్నించి ఖాళీ అయిపోతాడు. నీరు ఊపిరితిత్తిని నొక్కేస్తుంటే డ్రెయిన్ పెట్టాల్సిందే, అందులో డౌట్ లేదు, కానీ పైపు పగిలిన చోట వదిలేసి కింద బకెట్లతో నీళ్ళు ఎత్తిపోస్తే లాభం ఏముంది. ప్రతి బాటిల్ తో పాటు ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతుంది, ఇన్ఫెక్షన్లని ఆపే లింఫోసైట్లు, యాంటీబాడీలు పోతాయి, ఏ, డి, ఈ, కె విటమిన్లు పోతాయి, సోడియం, కాల్షియం పోతాయి. మామయ్య బుగ్గలు రోజురోజుకీ లోపలికి పోయాయి, పాదాలు మాత్రం వాచాయి, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయేది. బ్లడ్ రిపోర్ట్ లో లింఫోసైట్ల శాతం పడిపోతూ వచ్చింది. 1948 లో లాంప్సన్ అనే సర్జన్ ఈ నాళాన్ని కట్టేసి మనిషిని బతికించి చూపించేదాకా, ఈ లీక్ వచ్చినవాళ్ళలో సగం మంది దాకా చనిపోయేవాళ్ళట. అప్పట్లోనూ నీరు తీసేవాళ్ళు, కానీ తీసినకొద్దీ మనిషి నీరసించిపోయేవాడు.

కాబట్టి వైద్యం మూడు పనులు ఒకేసారి చెయ్యాలి. ఊపిరితిత్తి విచ్చుకునేలా నీరు తియ్యాలి, నాళంలో ఫ్లో తగ్గించాలి, పోయినదాన్ని వేరే దారిలో తిరిగి ఎక్కించాలి. ఫ్లో తగ్గించడానికి మొదటి మందు తిండి ఆపడమే. నోటి ద్వారా, ట్యూబ్ ద్వారా అన్నీ ఆపేసి టీపీఎన్ పెట్టారు, అంటే పోషకాలన్నీ సెంట్రల్ లైన్ (పెద్ద సిరలో పెట్టే ట్యూబ్) ద్వారా నేరుగా రక్తంలోకి. ఆ టీపీఎన్ బ్యాగ్ కూడా తెల్లగానే ఉంటుంది, అందులో కొవ్వు కలిపి ఉంటుంది మరి. స్టాండ్ కి ఆ తెల్లటి బ్యాగ్ వేలాడుతోంది, మంచం కింద తెల్లటి బాటిల్ నిండుతోంది, అత్తయ్య నా చెయ్యి పట్టుకుని "కొవ్వు వద్దన్నారు కదే, మళ్ళీ అదే ఎక్కిస్తున్నారేంటి" అని అడిగింది. సిరలోకి ఎక్కించిన కొవ్వు నేరుగా రక్తంలో కలుస్తుంది అత్తయ్యా, పేగుల దారి తొక్కదు, అందుకే ఆ లీక్ లోకి రాదు అని చెప్తే అప్పుడు కాస్త కుదుటపడింది. దానితో పాటు ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్ చర్మం కింద రోజుకి మూడుసార్లు ఇచ్చారు, అది పేగుల్లో రసాలు ఊరడం తగ్గించి లింఫ్ ఫ్లోని కూడా తగ్గిస్తుంది. అందరికీ పనిచేస్తుందని లేదు. షుగర్ పైకీ కిందకీ అవుతుంది, వికారం వస్తుంది, మామయ్యకి అసలే షుగర్ ఉంది కాబట్టి వేలి చివర గుచ్చని పూట లేదు.

దీంతో లీక్ సగానికి తగ్గింది కానీ ఆగలేదు. చిన్న లీకులు చాలావరకు ఈ స్టేజ్ లోనే మానిపోతాయి. పెద్దవాళ్ళలో రోజుకి లీటరు దాటి కొన్ని రోజులుగా వస్తూనే ఉంటేనో, వారం రెండు వారాలైనా తగ్గకపోతేనో ఇంకా ఎదురుచూడకూడదు, మనిషి ఇంకా బలంగా ఉండగానే చిల్లుని మూసెయ్యాలి. దానికి ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి ఆపరేషన్, మళ్ళీ ఛాతీలోకి వెళ్ళి డయాఫ్రమ్ కి (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) కాస్త పైన ఆ నాళాన్ని కట్టెయ్యడం, ఇప్పుడు కెమెరాతో చిన్న రంధ్రాల్లోంచి కూడా చేస్తున్నారు. రెండోది కోత లేకుండా ఇంటర్వెన్షనల్ రేడియాలజీ వాళ్ళు (స్క్రీన్ మీద చూస్తూ సూదులు, సన్న ట్యూబులతో వైద్యం చేసే డాక్టర్లు) చేసేది, ఫిలడెల్ఫియాలో కాన్‌స్టాంటిన్ కోప్ అనే డాక్టర్ 1990లలో మొదలుపెట్టిన పద్ధతి. మామయ్యకి రెండోదే చేశారు.

అది ఎలా చేస్తారో వింటే ఆశ్చర్యం వేస్తుంది. గజ్జల్లో ఉండే లింఫ్ గ్రంథిలోకి అల్ట్రాసౌండ్ చూస్తూ సన్న సూది పెట్టి లిపియోడాల్ అనే మందు మెల్లగా ఎక్కిస్తారు. అది గసగసాల నూనెకి అయోడిన్ కలిపి తయారుచేసింది, ఎక్స్‌రేలో తెల్లగా మెరుస్తుంది. ఆ నూనె లింఫ్ నాళాల్లో పాకుతూ పైకి వెళ్తుంటే స్క్రీన్ మీద నాళం మొత్తం కనిపిస్తుంది, ఎక్కడ చిల్లుందో అక్కడ నూనె బయటికి చిందుతుంది. తర్వాత పొట్ట మీంచి సన్నటి సూదితో ఆ సంచి దగ్గర నాళంలోకి దిగి, దారంలాంటి క్యాథెటర్ ని చిల్లు దాకా పంపి, చిన్న మెటల్ కాయిల్స్ పెట్టి, పైన గ్లూ వేసి మూసేస్తారు. కొంతమందికి ఆ నూనె ఎక్కించడంతోనే లీక్ మూసుకుపోతుందట, ఇంకేం చెయ్యక్కర్లేకుండా. మరి మెయిన్ నాళం మూసేస్తే లింఫ్ ఎటు పోతుంది అని నేను అడిగాను. చిన్న చిన్న పక్క దారులు చాలా ఉంటాయి, కొద్ది రోజుల్లో అవి వెడల్పై పని అందుకుంటాయి, కొద్దిమందికి మాత్రం తర్వాత కాళ్ళ వాపో విరేచనాలో ఉండచ్చు అన్నారు. ఈ ప్రొసీజర్ అన్ని ఊళ్ళలో చెయ్యరు, పెద్ద సెంటర్లలోనే ఉంటుంది, అందుకే లీక్ ఎక్కువగా ఉంటే పేషెంట్ ని మార్చాలా వద్దా అనే మాట తొందరగా మాట్లాడుకోవాలి. మామయ్యకి చేసిన తర్వాత ప్లాస్టర్ మీద గీతలు దగ్గర దగ్గరగా పడటం మొదలైంది.

ఇక తిండి. ఇది ఇంట్లోవాళ్ళ చేతిలో ఉండే వైద్యం, దీని గురించి ఎంత రాసినా తక్కువే. మళ్ళీ నోటితో తినడం మొదలుపెట్టినప్పుడు మాకు ఇచ్చిన లెక్క రోజు మొత్తానికి పది గ్రాముల లోపు కొవ్వు. రెండు టీస్పూన్ల నూనెతోనే ఆ పది గ్రాములు అయిపోతాయి. తాలింపు లేదు, నెయ్యి లేదు, ఆవకాయ లేదు, కొబ్బరి, పల్లీలు, నువ్వులు ఏవీ లేవు. ఇడ్లీ ప్లేటుకి నూనె రాయకుండా తడిగుడ్డ పరిచి వేసేదాన్ని, చక్కగా ఊడొచ్చేవి. చారుకి జీలకర్ర, మిరియాలు, ఎండుమిర్చి వట్టి మూకుట్లో వేయించి దంచి, కరివేపాకు, కొత్తిమీర ఎక్కువ వేసి మరిగిస్తే తాలింపు లేని లోటు పెద్దగా తెలిసేది కాదు. పెసరకట్టు, మెత్తగా ఉడికిన సొరకాయ, సగ్గుబియ్యం జావ, కోడిగుడ్డు తెల్లసొన మాత్రమే, పచ్చసొన ఒక్కదాంట్లోనే అయిదు గ్రాముల దాకా కొవ్వు ఉంటుంది. పాల విషయం చాలా జాగ్రత్త. టోన్డ్ మిల్క్ అంటే కొవ్వు లేనివని చాలామంది అనుకుంటారు, అందులో 3 శాతం ఉంటుంది, డబుల్ టోన్డ్ లో 1.5 శాతం, స్కిమ్డ్ లో అయితేనే అర శాతం లోపు. మేం స్కిమ్డ్ పాలతోనే పెరుగు తోడు పెట్టాం. ఆపరేషన్ వల్ల ఎలాగూ ఒకేసారి ఎక్కువ తినలేరు, కాబట్టి కొంచెం కొంచెంగా రోజంతా పెట్టేవాళ్ళం.

చూడ్డానికి వచ్చినవాళ్ళు ప్రేమతో తెచ్చేవే ఇబ్బంది. నల్లి బొక్కల సూప్, ఉడికించిన గుడ్లు, సున్నుండలు, బలం కోసం అని. వాళ్ళ తప్పేం లేదు, మన దగ్గర జబ్బుపడ్డవాళ్ళకి బలం అంటే నెయ్యీ మాంసమే కదా. మా చిన్నాన్నగారు ఫోన్ చేసి కొబ్బరినూనె వాడమ్మా, అదీ ఎం.సి.టి.యే అంట అన్నారు. దీని మీద డైటీషియన్ వివరంగా చెప్పింది. ఎం.సి.టి. ఆయిల్ అంటే మధ్యరకం పొడవు గొలుసు ఉన్న కొవ్వులు, ముఖ్యంగా ఎనిమిది, పది కార్బన్లవి. అవి అన్నం, పప్పు వెళ్ళే దారిలోనే నేరుగా లివర్ కి వెళ్ళిపోతాయి, లింఫ్ లోకి దాదాపు ఎక్కవు, అందుకే ఈ జబ్బులో వాటిని ఇస్తారు. కొబ్బరినూనెలో సగం దాకా లారిక్ యాసిడ్, అది పన్నెండు కార్బన్లది, చాలావరకు లింఫ్ దారిలోనే వెళ్తుంది. కాబట్టి ఎం.సి.టి. ఆయిల్ బదులు వంటింట్లో కొబ్బరినూనె పనికిరాదు. అసలు ఎం.సి.టి. ఆయిల్ ని కూడా వేపుడుకి వాడకూడదు, వండిన అన్నంలోనో చారులోనో పైన కలపాలి, అర చెంచాతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి, ఒక్కసారిగా వేస్తే కడుపునొప్పి, విరేచనాలు. ఇంకో సంగతి, అందులో ఒంటికి తప్పనిసరైన కొవ్వు ఆమ్లాలు ఉండవు, వారాల తరబడి అదొక్కటే అయితే చర్మం పొలుసులు లేస్తుంది, కాబట్టి డైటీషియన్ ని అడగకుండా నెలల కొద్దీ సొంతంగా కొనసాగించద్దు.

ఆపరేషన్ ఏమీ జరక్కుండానే కొందరికి ఇది వస్తుంది, అప్పుడు ఎందుకొచ్చిందో వెతకడమే అసలు పని. లింఫోమా అనే క్యాన్సర్ పెద్ద కారణం, ఛాతీలో గ్రంథులు వాచి నాళాన్ని నొక్కేస్తాయి. మన దేశంలో టీబీ గ్రంథులు కూడా అదే పని చేస్తాయి, అక్కడ టీబీ మందులు కోర్సు పూర్తిగా వాడితేనే లీక్ కూడా తగ్గుతుంది, తిండి జాగ్రత్తలు పక్కన నడుస్తూ ఉండాలి. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు వల్ల కూడా అరుదుగా వస్తుంది, అది కూడా లింఫ్ నాళాల జబ్బే. పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్ళలో ల్యామ్ అనే అరుదైన ఊపిరితిత్తుల జబ్బు ఉంటుంది, దానికి సిరోలిమస్ అనే మాత్ర ఉంది, అమెరికాలో 2015 లో ఆమోదించారు. యాక్సిడెంట్ లో ఛాతీకి దెబ్బ తగిలినా, మెడ సిరలో రక్తం గడ్డ కట్టినా రావచ్చు. గుండె ఆపరేషన్ అయిన చిన్నపిల్లల్లో, కొంతమంది పుట్టిన పిల్లల్లో కూడా చూస్తారు. అలాంటి పసివాళ్ళకి తల్లిపాలని మెషిన్ లో తిప్పి పైన తేలిన కొవ్వు తీసేసి ఇస్తారని విన్నప్పుడు నాకు చాలా ధైర్యంగా అనిపించింది, తల్లిపాలు పూర్తిగా మానిపించక్కర్లేదు అన్నమాట.

మామయ్యకి డ్రెయిన్ తీసే ముందు కావాలనే కొవ్వున్న తిండి పెట్టి చూశారు. కొద్దిగా వెన్న రాసిన బ్రెడ్, మామూలు పాలు. తింటూ "అమ్మాయ్, ఇది తేటగా వస్తే ఇంటికెళ్ళి ముద్దపప్పు తింటా" అన్నారు. మర్నాటికి కూడా ట్యూబ్ లో నీరు లేత పసుపుగానే ఉంది, ల్యాబ్ లో ట్రైగ్లిజరైడ్స్ తక్కువే వచ్చాయి, ఎక్స్‌రే తీసి ట్యూబ్ పీకేశారు. ఇంటికొచ్చాక కూడా కొన్ని వారాలు తక్కువ కొవ్వే పెట్టాం, తర్వాత తాలింపులో అర చెంచా నూనెతో మొదలుపెట్టి మెల్లగా పెంచాం. మళ్ళీ ఆయాసం, ఛాతీలో బరువు, పడుకుంటే ఊపిరాడకపోవడం, జ్వరం, వీటిల్లో ఏది వచ్చినా వెంటనే రమ్మన్నారు, ఏవీ రాలేదు. ఇప్పుడు చెకప్ కి వెళ్ళినప్పుడల్లా ఎక్స్‌రే, ఆల్బుమిన్, బరువు చూస్తున్నారు, ఆల్బుమిన్ నార్మల్ కి వచ్చింది, పాదాల వాపు పోయింది, బరువు ఇంకా పూర్తిగా రాలేదు. ఇలాంటి లీక్ తో ఎవరైనా ఉంటే కామెంట్ లో అడగండి, నూనె లేకుండా ఏం వండానో రోజువారీ రాసుకున్న పుస్తకం నా దగ్గర ఉంది, దాన్ని టైప్ చేసి పెడతా.